తుడిచినకొద్దీ మరక

పెళ్ళికొచ్చిన దగ్గర్నుంచీ మీరంతా అడుగుతూనే ఉన్నారు, "పద్మా, ఏటే అలాగయిపోయావు, మొహంలో కళే లేదు" అని. సరే, టీ తాగుతూ చెప్తాను, వినండి. బయల్దేరే రోజున మా మిషన్‌లో ఫాల్టు ఎక్కడుందో పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెతికాను. దొరికింది. ఆ ఫాల్టుకి రెండు కాళ్ళు, రెండు చేతులు, మెళ్ళో కంపెనీ ఐడీ కార్డు ఉన్నాయి. కార్డు మీద ఫొటో నాదే.

నా ఉద్యోగం ఏటో కొందరికి తెలీదు కదా, ముందు అది చెప్పాలి. రైల్లో ఏసీ బోగీ ఎక్కితే కాయితం కవర్లో రెండు తెల్ల దుప్పట్లు, ఓ చిన్న తువ్వాలు పెట్టి ఇస్తారు. మా వైపు బళ్ళకి అవి ఉతికే లాండ్రీ బిలాస్‌పూర్‌లో ఉంది. నడిపేది ఓ కాంట్రాక్టు కంపెనీ. మా తాత లోకో షెడ్‌లో చేశాడు, నాన్న గార్డుగా రిటైరయ్యాడు, మా ఆయన గూడ్సు నడుపుతాడు. నేను ఐటీఐ చదివి ఈ దుప్పట్ల దగ్గర తేలాను. రైల్వే క్వార్టర్లో పుట్టినందుకు ఏదో రకంగా రైలుకి సేవ చెయ్యాలి, తప్పదు.

అక్కడ చేత్తో ఉతికేది ఏటీ లేదు. ఉతకడం, పిండడం, ఇస్త్రీ, మడత, అన్నీ మిషన్లే. మెయింటెనెన్స్ మాత్రం నేను. ఇస్త్రీ రోలర్లోంచి దుప్పటి బెల్టు మీదకి వచ్చి మడతకి వెళ్ళే దారిలో పైన ఒక కెమెరా ఉంటుంది. మరక కనిపించిందా, ఆ దుప్పటిని పక్క ట్రాలీలోకి తోసేస్తుంది. అది మళ్ళీ ఉతుకుడికి పోతుంది. మన కంటికి ఆనని మరక కూడా దానికి ఆనుతుంది. మా అత్తగారి తరవాత అంత శ్రద్ధగా చూసేది ఆ కెమెరానే.

ఆ రోజు సాయంత్రం బండికి మేమంతా పెళ్ళికి బయల్దేరాలి. అమ్మ, నాన్న, పెళ్ళికొడుకు మా తమ్ముడు రమణ, నేను. మా ఆయన డ్యూటీ దిగి తిన్నగా పెళ్ళికే వచ్చేస్తానన్నాడు. తెల్లారేసరికి బొబ్బిలిలో దిగాలి, దిగిన పూటే రమణని పెళ్ళికొడుకుని చెయ్యాలి, మొదటి నలుగు నేను పెట్టాలి. వాడికున్నది ఒక్క అప్పని. ఆ బండి తప్పితే ఇంకో బండి అందుకుని నలుగు వేళకి చేరడం అయ్యే పని కాదు. చిన్నప్పుడు వాడికి స్నానాలు పోసిందే నేను, పెళ్ళి స్నానానికి నేను లేకపోతే ఎలాగ? ఇదే అమ్మతో అన్నాను, మా మేనేజరు తివారీ గారితోనూ అన్నాను.

తివారీ గారు చెడ్డాయన కాదు. భయస్తుడు. అంతకుముందే ఎవరో ప్యాసింజరు దుప్పటి మీద మరక ఫొటో తీసి నెట్‌లో పెట్టీసరికి హెడ్డాఫీసువాళ్ళు ఆయన్ని ఫోన్లోనే నిలబెట్టి కడిగేశారు. అప్పట్నుంచీ కెమెరా చూడకుండా ఒక్క దుప్పటి కూడా బయటికి పోకూడదని పట్టు పట్టాడు. నాలుగు రోజుల లీవు అడిగితే నాలుగు వారాలు ఆలోచించి, "అచ్ఛా, వెళ్ళండి మేడమ్, కానీ వెళ్ళేముందు సాయంత్రం బళ్ళకి సరుకు లోడవ్వాలి, మిషన్ నడుస్తూ ఉండాలి" అన్నాడు. నడుస్తూనే ఉంది కదండీ, దానికేం రోగం అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా నాలిక మీద ఏ దేవత కూచుందో నాకు తెలీదు.

ఆ రోజు పొద్దున్న బిలాస్‌పూర్‌లోనే మోప్కాలో ఉన్న మా ఇంట్లోంచి హడావిడిగా బయల్దేరాను. అమ్మావాళ్ళు కింద ఉంటారు, మేం పైన. కింద మెట్ల పక్కన గూట్లో పసుపురంగు డస్టర్ గుడ్డ ఒకటి మడతపెట్టి కనిపించింది. మా లాండ్రీ స్టోర్లో ఇచ్చేవే అవి. పెళ్ళి పనుల్లో ఇల్లు దులపడానికని కొన్ని నేనే ఇంటికి తెచ్చాను. ఆఫీసు గుడ్డలు ఇంటికి, ఇంటి స్టీలు గ్లాసులు ఆఫీసుకి, మాకిది మామూలే. స్టోర్లో డస్టర్లు అయిపోయి ఎన్నాళ్ళో అయింది, అడిగితే వస్తున్నాయి వస్తున్నాయి అంటున్నారు. అందుకని ఆ గుడ్డ తీసి బ్యాగులో పడేసుకున్నాను.

వెళ్ళీసరికి మిషన్ బ్రహ్మాండంగా నడుస్తోంది. దుప్పటి వెనక దుప్పటి మడతకి పోతోంది. ఆపరేటరు సుఖ్‌మతి, ఊరికి అటుపక్క మంగ్లా నుంచి వస్తుంది, ఆమె కూడా స్టూలు మీద కూచుని చక్కగా చాయ్ తాగుతోంది. అంటే చూడండి, చెయ్యవలసిన పని ఏటీ లేదు. నేను కూడా ఓ చాయ్ తాగి మధ్యాన్నానికి ఇంటికెళ్ళిపోవచ్చు.

ఊరుకుంటేనా. నాలుగు రోజులు ఉండను కదా, దుమ్ము పట్టి ఏటైనా ఆగిపోతే పెళ్ళిలో ఫోన్లు వస్తాయి కదా అని, ఇంటినుంచి తెచ్చిన ఆ గుడ్డ తీశాను. బెల్టు ఆపించి, నిచ్చెన ఎక్కి, కెమెరా ముందుండే అద్దాన్ని శుభ్రంగా తుడిచాను. అద్దం కిందికి తిరిగి ఉంటుంది. తల పైకెత్తి చెయ్యి చాపి తుడవాలే గానీ దాని మొహం మనకి కనపడదు. దిగి బెల్టు వెయ్యమన్నాను.

మొదటి దుప్పటి పక్క ట్రాలీలోకి పోయింది. రెండోదీ అంతే. తరవాత వచ్చినవన్నీ వరసగా అటే. మడత మిషన్ ఖాళీగా తిరుగుతోంది. సుఖ్‌మతి చాయ్ గ్లాసు కింద పెట్టింది.

స్క్రీన్ చూస్తే ప్రతి దుప్పటికీ ఎడంపక్క పచ్చగా మరక. దుప్పటి చేతిలోకి తీసి చూస్తే మల్లెపువ్వులా ఉంది. ఇటు తిప్పాను, అటు తిప్పాను, వాకిట్లో ఎండలోకి పట్టుకెళ్ళి చూశాను. ఏటీ లేదు. అయితే కెమెరాకే ఏదో అయింది. మా పనిలో ఇలాంటప్పుడు మొట్టమొదట చేసేది అద్దం తుడవడం. అది ఇప్పుడే తుడిచాను. అయినా సరే, మళ్ళీ తుడిచాను, ఈసారి ఇంకాస్త గట్టిగా, అదే గుడ్డతో.

మరక ఎడంపక్కనించి నడుమకి వచ్చింది. పెద్దదయింది కూడా.

మరక ఒకచోటే ఉంటే ఒక లెక్క, ఇలాగ నడుచుకుంటూ తిరిగితే కరెంటుకి సంబంధించినదేదో అయ్యుండాలి. కెమెరా వైరు తీసి పెట్టాను. లైటు మార్చాను. కంప్యూటరు ఆపి వేశాను. రోలర్ల దగ్గర ఏటైనా మాడుతోందేమోనని ఇస్త్రీ ఆపేసి, అది చల్లారేదాకా ఆగి, మూత విప్పి లోపలికి తొంగి చూశాను. ఆ వేడికి నా మొహమే ఇస్త్రీ అయింది. మొత్తం బిగించి మళ్ళీ వేస్తే మరక ఎక్కడున్నది అక్కడే, పెళ్ళికూతురికి బొట్టు పెట్టినట్టు సరిగ్గా నడుమన.

ఇంతలో అమ్మ ఫోను. కట్ చేశాను. ఒక్క నిమిషం ఆగి మళ్ళీ. మళ్ళీ కట్ చేశాను. సామాన్లు సర్దావా, బండి టైముకి వస్తావా, ఇదే కదా అడుగుతుంది, నాకు తెలీదా ఏటి అనుకున్నాను. వారం రోజులుగా ఆవిడకి పెళ్ళి తప్ప ఇంకో మాట లేదు. పసుపు దంచడం, అప్పడాలు, సున్నుండలు, ఒక్కటీ బజార్లో కొననివ్వలేదు, అన్నీ ఇంట్లోనే. డ్యూటీ చేసి వచ్చి రోకలి పట్టుకున్నది నేను. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, దానికి తోడు పొద్దుటినుంచి ముక్కుకి పసుపు వాసన. పెళ్ళివారిల్లు కదా, ఒంటికి పట్టేసింది అనుకున్నాను.

పూణేలో ఉండే సర్వీసు ఇంజనీరుకి వీడియో కాల్ చేశాను. చిన్నవాడే, మర్యాదస్తుడు. "మేడమ్, లెన్స్ గ్లాస్ క్లీన్ చేశారా?" అన్నాడు. చేశాను. "ఇంకోసారి చేసి చూపిస్తారా?" చూపించాను. ఫోను సుఖ్‌మతి చేతికిచ్చి, నిచ్చెనెక్కి, పరీక్ష రాసే పిల్లలా నీటుగా తుడిచాను. "వెరీ గుడ్ మేడమ్" అన్నాడు. ఇప్పుడు మరక అంటూ విడిగా లేదు, దుప్పటి మొత్తం పచ్చగా కనిపిస్తోంది. వాడు స్క్రీన్ దగ్గరగా చూపించమన్నాడు. తరవాత కెమెరాకి తెలుపు అంటే ఏటో మర్చిపోయినట్టుంది, మళ్ళీ నేర్పించండి అన్నాడు.

దానికొక తెల్ల పలక ఉంటుంది. పలకని కెమెరా కింద పెట్టి, ఇదీ తెలుపు అని చెప్పాలి. అప్పుడు అది మిగతా రంగులన్నీ దాన్నిబట్టి పోల్చుకుంటుంది. ఆ పలక మీద దుమ్ము గానీ వేలిముద్ర గానీ ఉండకూడదు. నేను ఉండనిస్తానా. గుడ్డ మడత మార్చి, పలకని ముందూ వెనకా రుద్ది రుద్ది తుడిచి పెట్టాను. నేర్పించాను. నేర్చుకుంది.

బెల్టు వేస్తే దుప్పట్లన్నీ నీలంగా కనిపిస్తున్నాయి. ఉత్త నీలం, బకెట్లో నీలిమందు ఎక్కువ కలిపేసినట్టు. ఒక్కటి వదలకుండా అన్నీ రిజెక్ట్. పూణే కుర్రాడు చాలా మెల్లిగా, "మేడమ్, మీ వాషింగ్‌లో నీలం ఏమైనా వాడుతున్నారా?" అని అడిగాడు. లేదు నాయనా అన్నాను. సీనియర్‌ని అడిగి చెప్తానని పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

అటుపక్క ఉతుకుడు మిషన్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. రిజెక్టయినవి వెళ్ళడం, ఉతుక్కుని రావడం, మళ్ళీ రిజెక్టవడం. మచ్చలేని దుప్పట్లు పొద్దుటినుంచి స్నానాలు చేస్తూనే ఉన్నాయి. సుఖ్‌మతి ట్రాలీ తోసుకొచ్చి, "దీదీ, ఈ చివర కుట్టు ఊడిన దుప్పటిని నేను గుర్తుపట్టేశాను, ఇది మళ్ళీ వచ్చింది" అంది. నవ్వలేదు ఆమె, ఆమెకీ ఓపిక అయిపోయింది. తోసేది ఆమె కదా.

తివారీ గారు వచ్చి నా వెనకాల నిలబడ్డారు. ఆయన అరవడు, నిలబడతాడు. అదే ఎక్కువ కష్టం. కెమెరా పక్కన పెట్టి ఈ ఒక్కపూట మనుషులం చూసి మడతకి పంపిద్దాం సర్, అన్నాను. కుదరదన్నాడు. మళ్ళీ ఎవడో ఫొటో తీస్తే నా గతేటి మేడమ్ అన్నాడు. సాయంత్రం బళ్ళన్నిటికీ సరుకు వెళ్ళాలి, అందులో మా బండి కూడా ఉంది. అంటే ఇది బాగుపడకపోతే నేనెక్కవలసిన బండికే దుప్పట్లు లేవు. ఆ మాట నేనన్లేదు, ఆయనే అన్నాడు. అని, చివర్న ఒక మాట చేర్చాడు.

"మిషన్ నడిచేదాకా మీరు కదలడానికి లేదు. సారీ."

రమణగాడి మొహం కళ్ళముందు కనిపించింది. నిచ్చెన మెట్టు మీదే కూచుండిపోయాను. ఏడుపొక్కటే తక్కువ, అది కూడా వచ్చేసేదే, గానీ కళ్ళు తుడుచుకోవడానికి ఆ గుడ్డ తప్ప చేతిలో ఇంకోటి లేదు, అద్దం తుడిచే గుడ్డ పాడవుతుందని ఆపుకున్నాను. చూడండి నా డ్యూటీ భక్తి.

అప్పుడు మళ్ళీ అమ్మ ఫోను. ఈసారి ఎత్తాను, కోపం దింపుకోడానికి ఎవరో ఒకరు కావాలి కదా అని.

"ఏటే, పొద్దుటినుంచి చేస్తుంటే ఎత్తవేటి?"

"అమ్మా, ఇక్కడ నా ప్రాణం పోతోంది. తరవాత మాట్లాడతాను."

"ఒక్క ముక్క చెప్పి పెట్టీ. నలుగుపిండి జల్లించాలి, గుడ్డ కనపడట్లేదు. గూట్లో మడతపెట్టి ఉంచాను. నువ్వు గానీ పట్టుకెళ్ళావేటి?"

"ఏ గుడ్డ?"

"నువ్వు తెచ్చినవాట్లోదే, పసుపురంగుది. పసుపంతా దాంట్లోనే కదా జల్లించాను. ఎంత దులిపినా రాలుతూనే ఉంది, సరే నలుగులోకే కదా అని అలాగే ఉంచాను."

చేతిలో గుడ్డ చూసుకున్నాను. పసుపురంగు గుడ్డ మీద పసుపు ఎవరికి కనిపిస్తుంది చెప్పండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. దంచిన పసుపు. నేను దంచిన పసుపే.

"ఉన్నావా? తీసుకెళ్ళావా లేదా?" అంటోంది అమ్మ.

"ఉందమ్మా, నా దగ్గరే ఉంది" అని పెట్టేశాను.

నా పైప్రాణాలు పైనే పోయాయి. పొద్దుటినుంచి నేను ఆ కెమెరాకి చేసింది మరమ్మతు కాదు, నలుగు. పలకకి కూడా వదలకుండా ముందూ వెనకా పెట్టాను. పచ్చటి పలక చూపించి ఇదే తెలుపని నేర్పిస్తే తెల్ల దుప్పటి దానికి నీలంగా కనపడకేం చేస్తుంది పాపం? దాని తప్పు రవ్వంతైనా లేదు. నేనే తుడిచి, నేనే వెతికి, దొరక్క మళ్ళీ నేనే తుడిచాను.

లేచి సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. ట్రాలీలోంచి ఒక దుప్పటి తీశాను. అంతకన్నా శుభ్రమైన గుడ్డ ఆ రోజు బిలాస్‌పూర్‌లో ఇంకోటి ఉండదు. దాని కొన తడిపి అద్దం తుడిచాను. కొన పచ్చగా వచ్చింది. పలక కూడా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తెలుపు నేర్పించాను. బెల్టు వెయ్యమని సుఖ్‌మతికి చెయ్యి ఊపాను. మొదటి దుప్పటి మడతకి వెళ్ళింది. తరవాతది, ఆ తరవాతది, అన్నీ తిన్నగా మడతకే. సుఖ్‌మతి రెండు చేతులూ ఎత్తి ఎవరికో దణ్ణం పెట్టుకుంది.

తివారీ గారు పరిగెట్టుకొచ్చారు. ఆయన పరిగెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఏటయింది మేడమ్ అన్నాడు. చెమ్మ సర్, లోపలికి చెమ్మ వెళ్ళింది అన్నాను. ఇంకేటి చెప్పమంటారు, పరువు ఉంది కదా. ఆయన అందరినీ పిలిచాడు. పూణేవాళ్ళు చేతులెత్తేసిన ఫాల్టు మన మేడమ్ ఒక్కరే పట్టుకున్నారని చెప్పి చప్పట్లు కొట్టించాడు. నేను కూడా మొహమాటంగా నవ్వాను, కొంచెం బాగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. బ్యాగు తీసుకున్నాను. ఇంకా టైముంది, ఇంటికెళ్ళే టైము లేకపోయినా తిన్నగా స్టేషనుకి వెళ్ళిపోతే అమ్మావాళ్ళు నా సామాను తెచ్చేస్తారు.

అప్పుడు ఆయనన్నాడు, చాలా ప్రేమగా.

"మేడమ్, మీరు వెళ్ళాక ఈ ఫాల్టు మళ్ళీ వస్తే ఎవరు చూస్తారు? మీరు తప్ప ఇంకెవరివల్లా కాదు. లీవు వచ్చే వారానికి మార్చుకోండి."

విన్నారా. బాగుచెయ్యకపోతే లీవు లేదు, బాగుచేస్తే అసలే లేదు. వచ్చే వారం దాకా రమణ నలుగు పెట్టించుకోకుండా కూచుంటాడా? చప్పట్లు కొట్టినవాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు. పరువా, నలుగా? నాకెక్కువసేపు పట్టలేదు.

"సర్, అది చెమ్మ కాదు. నేనే. నేనుంటేనే మళ్ళీ వస్తుంది" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. బ్యాగులోంచి గుడ్డ తీసి, చూపిద్దామని ఒక్క దులుపు దులిపాను. పక్కనే ఇస్త్రీ ఫ్యాను తిరుగుతోందని తోచలేదు. పసుపు లేచి తిన్నగా ఆయన తెల్ల చొక్కా మీద వాలింది. తుమ్మాడు. ఆయన చొక్కా చూసుకున్నాడు, మడతపెట్టిన దుప్పట్ల దొంతర వైపు చూశాడు, నన్ను చూశాడు. జరిగింది మొదట్నుంచి చెప్పాను, అద్దం, పలక, అమ్మ జల్లెడ, అన్నీ. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒకాయన అటు తిరిగి దగ్గుతున్నట్టు నటించాడు. సుఖ్‌మతి నటించలేదు, స్టూలు మీద కూలబడి నవ్వింది. పాపం, పొద్దుటినుంచి ట్రాలీ తోసింది, నవ్వనీండి అనుకున్నాను.

తివారీ గారు మాత్రం నవ్వలేదు. మీ బండి ఎన్నింటికి అని అడిగాడు. చెప్పాను. "జాయియే మేడమ్. అభీ జాయియే" అన్నాడు, ఇప్పుడే వెళ్ళిపోండి అని. ఆటోలో వెళ్తే ఆలస్యమవుతుందని దుప్పట్ల కట్టలు స్టేషనుకి తీసుకెళ్ళే మా వ్యానులోనే ఎక్కించాడు. పన్నెండేళ్ళ సర్వీసులో నాకు కంపెనీ బండి ఇవ్వడం అదే మొదలు. తలుపు వేసేముందు డ్రైవరుకి మెల్లిగా ఏదో చెప్పాడు, నాకు వినిపించలేదనుకున్నాడు. కట్టలమీద మేడమ్ చెయ్యి పడనివ్వకు, అని.

బండి అందింది. అమ్మ గుడ్డ లాక్కుని, దాన్ని చూసి, పసుపంతా ఏం చేశావే అని తిట్టింది. తెల్లారి వాడికి నలుగు పెట్టాను, వాడు చిన్నప్పటిలాగే అప్పా చాలు చాలు అని గోల పెట్టాడు, నేను ఏడ్చాను, అదంతా మీరు చూసిందే.

నా లీవు నిన్నటితో అయిపోయింది. పొద్దున్న భయంభయంగా తివారీ గారికి ఫోను చేసి, రాత్రి బండికి వచ్చేస్తాను సర్ అన్నాను. ఆయన చాలా మర్యాదగా పెళ్ళి బాగా జరిగిందా అని అడిగాడు. జరిగిందన్నాను. మీరు వెళ్ళిన దగ్గర్నుంచి మిషన్ ఒక్క మంచి దుప్పటి కూడా రిజెక్ట్ చెయ్యలేదన్నాడు. తొందరేం లేదు, ఇంకో వారం ఉండి రండి అన్నాడు. మిషన్‌ని కంటికి రెప్పలా చూసుకున్నన్నాళ్ళూ ఒక్క పూట సెలవు అడిగితే ఆయన ప్రాణం పోయేది. ఇంకో కప్పు టీ పొయ్యండి పిన్నీ, నేనిప్పట్లో వెళ్ళను.